లినక్స్ వ్యవస్థ: నవీకరణమా, నూతన స్థాపనమా?

పెంకుటింట కాపురముండువారు ఏటేట తొలకరికి ముందు పైకప్పు చూపించుకొందురు. పగిలిన పెంకులు తీసి కొత్తవి వేయింతురు. పుచ్చిన వాసములను మార్పింతురు. ఈ పని జరుగుచున్నంతసేపు ఇంటివారు ఇంటిలోనే ఉందురు; పొయ్యి ఆరదు. కాని దూలములకే చెద పట్టినప్పుడో, గోడలు కుంగినప్పుడో సామాను బయటపెట్టి, ఇల్లు విప్పి, మరల కట్టుకొనక తప్పదు. ఈ రెండింటిలో ఏది మేలని అడిగినచో అనుభవము గల మేస్త్రి వెంటనే జవాబు చెప్పడు. "ముందు దూలము చూడనీయండి" అనును.

పాఠశాలలలోని కంప్యూటర్ల విషయమునను ఇదే ప్రశ్న వచ్చుచుండును. కంప్యూటరులోని యంత్రభాగములన్నింటిని నడిపించుచు, మనము వాడు ప్రోగ్రాములకు ఆధారముగా నుండు మూల ప్రోగ్రాముల సముదాయమునకు ఆపరేటింగు సిస్టమని పేరు. దీని పాత కూర్పు నుండి కొత్త కూర్పునకు పోవుటకు రెండు దారులు కలవు. ఉన్నదానిమీదనే కొత్త భాగములను చేర్చుకొనుచు పోవుట నవీకరణము. డిస్కును తుడిచి మొదటినుండి నింపుట నూతన స్థాపనము. ఈ రెండు దారులలో లోపల ఏమి జరుగునో తెలిసినచో, ఎప్పుడు ఏది ఎన్నుకొనవలెనో మనమే నిర్ణయించుకొనవచ్చును. లినక్స్ వ్యవస్థను ఉదాహరణముగా తీసికొని పరిశీలింతము.

కొత్త కూర్పు ఏల?

1991లో ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఒక కెర్నెలును వ్రాసి, అందరికిని అందుబాటులో నుంచెను. కెర్నెల్ అనగా ఆపరేటింగు సిస్టమునకు గుండెకాయ వంటిది. దాని చుట్టును వేల ప్రోగ్రాములను కూర్చి, ఒక్క కట్టగా మనకు అందించు సంస్థలు తరువాత పుట్టినవి. వానిలో పాతది, పేరు గాంచినది డెబియన్. దీనిని 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించెను. మన పాఠశాలలలో తరచుగా కానవచ్చు ఉబుంటు 2004లో వెలువడినది. అది డెబియన్ మీద ఆధారపడి కట్టినదే.

ప్రతి కూర్పునకు ఒక ఆయుర్దాయము కలదు. ప్రోగ్రాములలో లోపములు బయటపడుచునే యుండును. వానిలో కొన్ని, పరులు మన కంప్యూటరులోనికి చొరబడుటకు దారి యిచ్చునవి. ఆయుర్దాయము ఉన్నంతకాలము ఆ లోపములకు సవరణలు వచ్చుచుండును. గడువు తీరిన పిదప కంప్యూటరు ఆగిపోదు, ఎప్పటివలెనే నడుచుచుండును. అపాయమంతయు అందులోనే ఉన్నది. తలుపు గడియ ఊడిన సంగతి ఇంటివారికి తెలియదు. 2020 ఏప్రిలులో వెలువడిన ఉబుంటు 20.04 కూర్పునకు సాధారణ రక్షణ 2025 మే నెలతో ముగిసినది. అప్పటినుండి దానిని ఏ ప్రత్యేక ఏర్పాటును లేక వాడుచున్నవారు గడియ లేని ఇంట నున్నట్లే.

డెబియన్ 12వ కూర్పు 2023 జూనులోను, 13వ కూర్పు 2025 ఆగస్టు 9వ తేదీనను వెలువడినవి. వీనికి "బుక్‌వర్మ్", "ట్రిక్సీ" అని ముద్దుపేర్లు. రెండును "టాయ్ స్టోరీ" అను బొమ్మల చలనచిత్రములలోని పాత్రల పేర్లే. ట్రిక్సీలో మొత్తము 69,830 ప్యాకేజీలు కలవు. బుక్‌వర్మ్ తరువాత 14,100కు పైగా కొత్తవి చేరినవి, 8,840కి పైగా పాతవి తొలగినవి, 44,326 మారినవి. ఒక కూర్పు నుండి మరియొక కూర్పునకు పోవుట చిన్న పని కాదని ఈ అంకెలే చెప్పుచున్నవి.

డిస్కులో నున్న మూడు రకముల వస్తువులు

ఒక ఉన్నత పాఠశాలలో ఇరువది కంప్యూటర్లు, ఉపాధ్యాయుల గదిలో మరియొకటి ఉన్నవనుకొందము. అన్నిటిలోను డెబియన్ 12 ఉన్నది. విద్యార్థులు వ్రాసిన పైథాన్ ప్రోగ్రాములు, వారి ప్రాజెక్టు వ్యాసములు, ఉపాధ్యాయులు తయారుచేసిన ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు వానిలో ఉన్నవి.

ఈ డిస్కులలో నున్న సమస్తమును మూడు రకములుగా విడదీయవచ్చును. మొదటిది, డెబియన్ వారు పంపిన ప్రోగ్రాములు. ఇవి ఎంత పెద్దవైనను పోయిన నష్టము లేదు. ఎప్పుడైనను మరల తెచ్చుకొనవచ్చును. రెండవది, అమరికలు. అచ్చుయంత్రము ఏది, ఎవరెవరికి ప్రవేశము కలదు, తెలుగు అక్షరముల మీటలు ఏ పద్ధతిలో నుండవలెను మొదలగునవి. వీనిలో సగము వారిచ్చినవి, సగము మనము దిద్దినవి. మూడవది, మన పని. ఇది లోకములో మరెక్కడను లేదు.

లినక్స్ ఈ మూడింటిని ఇంచుమించుగా మూడు చోట్ల నుంచును. ప్రోగ్రాములు చాలవరకు "యూఎస్ఆర్" అను డైరెక్టరీలోను, యంత్రమునకంతకు చెందిన అమరికలు "ఈటీసీ" అను డైరెక్టరీలోను, ఒక్కొక్కరి పని "హోమ్" అను డైరెక్టరీలో వారివారి పేర్లతోను ఉండును. ఈ విభజన గుర్తున్నచో తక్కిన విషయమంతయు సులభముగా బోధపడును.

నవీకరణములో జరుగునది

లినక్స్‌లో ప్రోగ్రాములు ప్యాకేజీల రూపమున వచ్చును. ప్రతి ప్యాకేజీలోను ఫైళ్లతోపాటు ఒక చీటీ ఉండును: "నాకు ఫలానా ప్యాకేజీ, ఫలానా కూర్పు లేక దాని తరువాతిది, కావలెను, ఫలానాది నాతో పొసగదు." నవీకరణము చేయునపుడు "ఆప్ట్" అను పనిముట్టు ఈ చీటీలన్నింటిని చదివి, ఏవి తేవలెనో, ఏవి తీయవలెనో, ఏది ముందో, ఏది వెనుకో లెక్కకట్టును. ఇది 1999లో వెలువడిన డెబియన్ 2.1 కూర్పుతో వాడుకలోనికి వచ్చినది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. నడుచుచున్న ప్రోగ్రామును, అది నడుచుచుండగనే ఎట్లు మార్చగలము? నిలుచున్న మెట్టును కాలిక్రిందనుండి తీయుట వంటిది కదా!

దీనికి సమాధానము గ్రంథాలయములో దొరకును. గ్రంథాలయమున పుస్తకము వేరు, దాని పేరు వ్రాసిన కార్డు వేరు. లినక్స్‌లోను ఫైలు పేరు వేరు, ఫైలు వేరు. ప్రతి ఫైలునకు ఒక సంఖ్య ఉండును. డైరెక్టరీ అనునది ఈ పేరునకు ఈ సంఖ్య అని తెలుపు కార్డుల పెట్టె మాత్రమే. కొత్త ఫైలు వచ్చినపుడు దానిని ముందుగా తాత్కాలికమైన పేరుతో ప్రక్కన వ్రాసి, పూర్తియైన పిదప అసలు పేరును ఒక్కసారిగా దానికి మార్చుదురు. కార్డు ఇప్పుడు కొత్త పుస్తకమును చూపుచున్నది. పాత పుస్తకమును చేతిలో పట్టుకొని చదువుచున్నవాడు అదే చదువుచుండును. అతడు ముగించి తిరిగి ఇచ్చినపుడు, కార్డు లేని ఆ పుస్తకము తొలగిపోవును. అందుచేతనే నవీకరణము జరుగుచుండగా కంప్యూటరు కూలిపోదు. అందుచేతనే నవీకరణము ముగిసిన పిదప కంప్యూటరును ఒకసారి ఆపి మరల ప్రారంభించవలెను. లేనిచో పాత కెర్నెలే నడుచుచుండును.

విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షించి చూడవచ్చును. లినక్స్ కంప్యూటరులో ఒక వీడియో ఫైలునకు నకలు తీసి, ఆ నకలును ఆడించుచు, సగములో దానిని తొలగించవలెను. పేరు మాయమగును, బొమ్మ మాత్రము ఆడుచునే యుండును. ఒకసారి మూసినచో మరల తెరచుటకు వీలుండదు.

అమరికల విషయమున మరియొక యుక్తి కలదు. మనము దిద్దుకొన్న అమరికను కొత్త ప్యాకేజీ చెరిపివేసినచో శ్రమ వృథా యగును. పాతదే ఉంచినచో కొత్త ప్రోగ్రామునకు అది సరిపడకపోవచ్చును. అందుచేత ప్యాకేజీతో వచ్చిన ప్రతి అమరిక ఫైలు యొక్క గుర్తుసంఖ్యను వ్యవస్థ మొదటనే వ్రాసియుంచుకొనును. వ్రేలిముద్ర మనిషిని తెలిపినట్లు ఈ సంఖ్య ఆ ఫైలును తెలుపును. ఒక్క అక్షరము మారినను సంఖ్య మారును. నవీకరణ సమయమున మూడింటిని పోల్చును: అప్పుడు వచ్చినది, మన యంత్రములో ఉన్నది, ఇప్పుడు వచ్చినది. మనము ఏమియు మార్చక, వారు మార్చియున్నచో కొత్తది మారుమాటాడక వచ్చి చేరును. మనము మార్చి, వారు మార్చకున్నచో మనదే నిలుచును. ఇరువురును మార్చియున్నచో మాత్రము పని ఆపి మనలను అడుగును. ఊరక మీట నొక్కినచో మన పాతదే ఉండును. కొత్తది వేరొక పేరుతో ప్రక్కన నిలుచును. తీరిక వేళ రెండింటిని పోల్చుకొనవచ్చును. నవీకరణము చేయుచు, వచ్చిన ప్రశ్నలను చదువక మీటలు నొక్కుచు పోవుట మంచిది కాదని చెప్పుటకు కారణమిదే.

నవీకరణము ఎక్కడ తొట్రుపడును?

నవీకరణము వరుస తప్పని ప్రయాణము. డెబియన్ 11 నుండి 13కు ఒక్క గంతు వేయరాదు. 12ను దాటియే పోవలెను. ఉబుంటులో దీర్ఘకాల రక్షణ గల కూర్పులు రెండేండ్ల కొకటి వచ్చును, 20.04 నుండి 22.04కు, అటనుండి 24.04కు పోవలెను. రెండు మూడు కూర్పులు వెనుకబడిన యంత్రమునకు ఈ మెట్లన్నియు ఎక్కించుటకంటె నూతన స్థాపనమే సులభము.

రెండవ చిక్కు, బయటి భాండారములు. ఇతరుల చోటినుండి తెచ్చుకొన్న ప్యాకేజీల చీటీలు డెబియన్ వారి లెక్కలోనికి రావు. పూర్వపు కూర్పునకు తగినట్లు తయారైన ఆ ప్యాకేజీ "నాకు పాతదే కావలెను" అని పట్టుపట్టినచో లెక్క కుదరదు. అందువలన నవీకరణమునకు ముందు బయటి భాండారములను మాన్పవలెను. ఉబుంటు పనిముట్టు ఈ పనిని తానే చేయును. డెబియన్‌లో మనము చేసికొనవలెను.

మూడవది, చోటు. కెర్నెల్ నుండు "బూట్" విభాగము విడిగా నున్న పాత యంత్రములలో అది చాలకపోవచ్చును. ట్రిక్సీకి పోవునపుడు ఆ విభాగము కనీసము 768 మెగాబైట్లు ఉండవలెననియు, అందులో సుమారు 300 మెగాబైట్లు ఖాళీగా నుండవలెననియు డెబియన్ వారు సూచించిరి. విభాగముల గోడలను జరుపుట నవీకరణము చేయు పని కాదు.

నాలుగవది అసలైన దూలము. పాత కంప్యూటర్లలో కొన్నిటియందు 32 బిట్ల వ్యవస్థను స్థాపించియున్నారు. ట్రిక్సీలో అట్టి యంత్రములకు కెర్నెల్ గాని, స్థాపించు సాధనము గాని లేదు. వానిని నవీకరింపవలదని డెబియన్ వారే చెప్పిరి. ప్రాసెసరు 64 బిట్లదై, వ్యవస్థ మాత్రమే 32 బిట్లదైనచో నూతన స్థాపనము చేసి దానిని బ్రతికించుకొనవచ్చును. ప్రాసెసరే 32 బిట్లదైనచో ట్రిక్సీ దానిపై నడువదు.

మన యెండకాలపు విద్యుత్తు కోతలు అయిదవ చిక్కు. పని మధ్యలో విద్యుత్తు పోయినచో ఏమగును? ఏ ప్యాకేజీ ఏ దశలో నున్నదో ఒక పట్టికలో ఎప్పటికప్పుడు వ్రాయబడుచుండును. కనుక తిరిగి ప్రారంభించిన పిదప సగములో నిలిచిన పనిని ఎక్కువ సందర్భములలో కొనసాగించవచ్చును. అయినను ఆ నమ్మకముతో పని మొదలిడరాదు. బ్యాటరీ ఆధారము లేనిచో విద్యుత్తు నిలుకడగా నుండు వేళనే ఎన్నుకొనవలెను.

నూతన స్థాపనములో జరుగునది

నూతన స్థాపనమున కంప్యూటరు పెన్‌డ్రైవు నుండి మేల్కొనును. మనము భాష, కాలమండలము చెప్పుదుము. డిస్కును విభాగములుగా చేయుదుము. పిదప ఫార్మాట్ చేయుదుము. మనము చేయు ఎన్నికలన్నిటిలోను వెనుకకు తీసికొనరానిది ఈ ఒక్కటియే. ఫార్మాట్ చేయుట అనగా ఏ ఫైలు ఎక్కడ నున్నదో తెలుపు పాత పట్టికలను త్రోసి, ఖాళీ పట్టికలను పరచుట. ఎస్‌ఎస్‌డి డిస్కులలో పాత సమాచారమును విడిచిపెట్టుమని డిస్కునకే ఆజ్ఞ పోవుచుండును గనుక, తరువాత వెదికి తీయగలమను ఆశ పెట్టుకొనరాదు. సంవత్సరమంతయు విద్యార్థులు చేసిన పని ఇక్కడ ఒక్క మీట నొక్కుటతో పోవచ్చును.

అందుచేత తెలిసినవారు "హోమ్" డైరెక్టరీని మొదటినుండియే వేరు విభాగములో నుంతురు. అట్లున్నచో వ్యవస్థ విభాగమును మాత్రము ఫార్మాట్ చేసి, "హోమ్" విభాగమును తాకక, కొత్త వ్యవస్థకు తగిలించవచ్చును. ఇల్లు విప్పి కట్టినను ధాన్యపు కొట్టు చెక్కుచెదరనట్లు.

కాని ఇందులోను ఒక మెలిక యున్నది. ఫైలు ఎవరిదో కంప్యూటరు పేరుతో గుర్తుంచుకొనదు, సంఖ్యతో గుర్తుంచుకొనును. డెబియన్‌లో మొదట చేరిన వాడుకరికి 1000, తరువాతి వారికి 1001, 1002 అని సంఖ్యలు వచ్చును. పాత వ్యవస్థలో ఉపాధ్యాయుడు మొదట, తొమ్మిదవ తరగతి రెండవది, పదవ తరగతి మూడవది అయి, కొత్త వ్యవస్థలో పదవ తరగతిని ముందు చేర్చినచో, తొమ్మిదవ తరగతి వారి ఫైళ్లన్నియు పదవ తరగతి వారివగును. తమ ఫైళ్లు తామే తెరువలేక పిల్లలు తెల్లబోవుదురు. ఏ ఫైలును పోలేదు. సంఖ్యలు తారుమారైనవి, అంతే. పాత పట్టికను ముందుగా వ్రాసికొని, అదే వరుసలో వాడుకరులను చేర్చినచో ఈ చిక్కు రాదు.

తెలుగు అక్షరరూపముల సంగతి గూడ చూడవలెను. వాడుకరి తన "హోమ్"లో ఉంచుకొన్న ఫాంట్లు అతనితోపాటు వచ్చును. యంత్రమునకంతకు ఉమ్మడిగా నుంచినవి ఫార్మాటుతో పోవును. యూనికోడ్ పద్ధతిలో వ్రాసినవి ఏ తెలుగు ఫాంటుతోనైనను చదువవచ్చును. అంతకు ముందటి పద్ధతులలో తయారైన ప్రశ్నపత్రములు ఆ ఫాంటు లేనిచో అర్థము లేని గుర్తులుగా కానవచ్చును. కనుక అట్టి ఫాంట్లను గూడ విడిగా భద్రపరచవలెను.

ఏ దారిన పోయినను తప్పని మార్పులు కొన్ని కలవు. బుక్‌వర్మ్‌లో పైథాన్ 3.11, ట్రిక్సీలో 3.13 ఉన్నవి. విద్యార్థులు విడిగా తెచ్చుకొన్న పైథాన్ మాడ్యూళ్లు 3.11 పేరుగల డైరెక్టరీలో కూర్చుండును, 3.13 ఆ చోట వెదకదు. ప్రోగ్రాము నిన్న నడిచినది, నేడు నడువలేదు. నవీకరణమో, స్థాపనమో చెడిపోయినదని భయపడనక్కరలేదు. ఆ మాడ్యూళ్లను మరల చేర్చుకొనిన చాలును.

ఎప్పుడు ఏది?

మనము అనుకొన్న పాఠశాలకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. ఉపాధ్యాయుల గదిలోని కంప్యూటరు చక్కగా నడుచుచున్నది. ఒక్క కూర్పు మాత్రమే వెనుకబడినది. అందులో ఎన్నో యేండ్లుగా దిద్దుకొన్న అమరికలు కలవు. దానికి నవీకరణమే తగినది. ప్రయోగశాలలోని ఇరువది యంత్రములు ఒకే విధముగా నుండవలెను. ఏడాది పొడుగున పలువురి చేతులలో పడి ఒక్కొక్కటి ఒక్కొక్క తీరుగా మారినవి. వానికి నూతన స్థాపనము మేలు. ఒకదానిని జాగ్రత్తగా సిద్ధము చేసికొని, అదే ప్రకారము తక్కినవి చేయవచ్చును. 32 బిట్ల వ్యవస్థ గలవి, పలు కూర్పులు వెనుకబడినవి, విభాగముల కొలతలు చాలనివి, కారణము తెలియని జబ్బుతో నున్నవి నూతన స్థాపనమునకే పోవలెను.

అయితే కారణము తెలియని జబ్బు విషయమున ఒక మాట. "హోమ్"లో చుక్కతో మొదలగు పేర్లుగల ఫైళ్లు కంటికి కానరావు. ఒక్కొక్కరి సొంత అమరికలు వానిలో నుండును. జబ్బు అందులో ఉన్నచో, "హోమ్"ను యథాతథముగా తెచ్చుకొన్న కొత్త వ్యవస్థలోనికి అదియు వచ్చును. కొత్త వాడుకరిగా ప్రవేశించి చూచినచో జబ్బు యంత్రమునదో, వాడుకరిదో తేలిపోవును. ఈ పరీక్షను స్థాపనమునకు ముందే చేసినచో, ఒక్కొక్కప్పుడు స్థాపనము అవసరమే యుండదు.

నవీకరణము వలన పని పోవునా, నూతన స్థాపనము వలన పోవునా అని పలువురు అడుగుదురు. రెండు దారులలోను పోవచ్చును. రెండు దారులలోను నిలుపుకొనవచ్చును. పోవుట దారిని బట్టి కాదు, పని ఒకే చోట నుండుటను బట్టి. పని మొదలిడుటకు ముందు "హోమ్" అంతటికిని, "ఈటీసీ"కిని మరియొక డిస్కుపై నకలు తీయవలెను. ఆ డిస్కును ఊడదీసి, వేరొక కంప్యూటరునకు తగిలించి, నాలుగు ఫైళ్లు తెరచి చూడవలెను. తెరచి చూడని నకలు నకలు కాదు. మార్కుల పట్టిక అక్కడ తెరచుకొన్నదా, ఇక ఏ దారినైనను నిశ్చింతగా పోవచ్చును.